ఎంగిలి అచ్చు

నరహరికి ఒకటే బాధ. ఏడాదిగా రోజూ అచ్చులు తీస్తున్నా, అతని కాగితం ఒక్కటి కూడా అమ్మగారి దండెం మీద శుక్రవారం దాటి నిలవలేదు.

దండెం అంటే బట్టలు ఆరేసుకునే దండెమే. బంగారమ్మ గారి వసారాలో ఆ గోడ నుంచి ఈ గోడకి కట్టి ఉంటుంది. శిష్యులు తీసిన అచ్చులన్నీ వారమంతా దాని మీద క్లిప్పులకి వేలాడుతూ ఆరతాయి. శుక్రవారం పొద్దున్న ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నడుస్తారు. ప్రాణం ఉందనిపించిన అచ్చుని అలాగే వదిలేస్తారు. మిగతావి దించి, మడతపెట్టి, రోలరు తుడుచుకోవడానికి బల్ల కింద పెడతారు. ఎందుకు దించారో చెప్పరు, ఎందుకు ఉంచారో అసలే చెప్పరు.

ఏడాదిగా నరహరి అచ్చులతో ఎన్నో రోలర్లు శుభ్రపడ్డాయి.

ఆవిడ ఉండేది భీమునిపట్నంలో, సముద్రం కనబడే కొండవాలున ఒక పెంకుటింట్లో. ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేసి దిగిపోయాక, పొద్దున్నే తన కోసం తను అచ్చులు తీసుకోవడం మొదలుపెట్టారు. చూసినవాళ్ళు ఒకరిద్దరు వచ్చి పక్కన కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళని పొమ్మనలేదు గనక గురువైపోయారు. అంతకు మించి ఆ గురుత్వానికి పత్రాలూ పతకాలూ ఏమీ లేవు.

పని చూడ్డానికి సులువే. జెలటిన్ పొడిని నీళ్ళలో నానబెట్టి, గ్లిజరిన్ కలిపి, పొయ్యి మీద గోరువెచ్చగా కరిగించి, వెడల్పాటి ట్రేలో పోస్తే, చల్లారాక జున్నులా గడ్డకడుతుంది. ఆ మెత్తటి పలక మీద రోలరుతో రంగు పల్చగా పరిచి, ఆకులో పూరెమ్మలో అమర్చి, పైన కాగితం పెట్టి అరచేత్తో రాస్తే అచ్చు వచ్చేస్తుంది. ఎండ ముదిరితే పలకకి చెమట పట్టి జారిపోతుంది గనక పనంతా చల్లని వేళలోనే కానివ్వాలి. అప్పటికీ వేసవిలో ఎప్పుడైనా కరిగిపోతే, "కరిగితే కరిగింది, మళ్ళీ పోసుకుందాం" అంటారావిడ. విరిగినా, గీతలు పడినా అదే మాట.

"ఇవాళ ఏం తోచడం లేదమ్మా" అని ఎవరైనా గొణిగితే మాత్రం ఊరుకోరు.

"పళ్ళు తోముకున్నావా?"

"తోముకున్నానమ్మా."

"ఏం తోచి తోముకున్నావు? ఇదీ అంతే. కూర్చో."

అందరూ ప్లేటు అనే ఆ పలకని ఆవిడ పళ్ళెం అంటారు. అక్కడే వచ్చింది నరహరికి చిక్కు.

ఎందుకంటే మొదటి కాగితం లేపేశాక పని అయిపోదు. ఆకుని మెల్లిగా తీసేస్తే, దాని కింద కాగితానికి అంటని రంగు పళ్ళెం మీద మిగిలే ఉంటుంది. ఆ రంగులో ఆకు ఈనెలన్నీ దిగి ఉంటాయి. ఆరిపోయేలోగా ఇంకో కాగితం పెట్టి రాస్తే ఆ మిగిలింది లేచి వస్తుంది. ఈ రెండోదాన్ని బంగారమ్మ గారు ఎంగిలి అచ్చు అంటారు. ఒకరు తిన్న పళ్ళెంలో మిగిలింది ఎంగిలి కాక మరేమిటి?

నరహరిది వంటవాళ్ళ వంశం. తాతల నాటి నుంచి పెళ్ళిళ్ళకీ సంతర్పణలకీ వాళ్ళదే వంట. అతని బామ్మ మడి కట్టుకుందంటే పొయ్యి దరిదాపులకి పిల్లి కూడా వచ్చేది కాదు. రుచి చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పడిందా, గిన్నెడు కూరా ఆవుకే. నాలుగేళ్ళ వయసులో కొరికిన బూరెని పళ్ళెంలో బూరెల మీద పెట్టినందుకు బామ్మ వేసిన మొట్టికాయ, ముప్ఫై ఏళ్ళొచ్చినా అతని నడినెత్తి మరిచిపోలేదు.

అలాంటివాడు ఈ గుమ్మం ఎలా తొక్కాడంటే, బంగారమ్మ గారి మేనకోడలి పెళ్ళికి వంట అతనిదే. మండపం గోడల పొడుగునా పూలదండలకి బదులు ఆకుల అచ్చులు వేలాడదీశారు. వడ్డన చూడ్డానికి వచ్చిన నరహరి ఒక మునగరెబ్బ అచ్చు ముందు నిలబడిపోయాడు. ఆ రోజు ముక్కల పులుసు అడుగంటింది. వాళ్ళ వంశంలో అది మొదటిసారి. అన్నగారు తిట్టిన తిట్లు చెవికెక్కలేదు. మర్నాడు తెల్లవారగానే వచ్చి బంగారమ్మ గారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఆవిడ మొదటే చెప్పారు. "ఇది ఎముకల జిగురు నాయనా. తాకగలవా?"

అతను గతుక్కుమన్నాడు. బజారుకి పోయి, సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ తెచ్చి దాంతో పళ్ళెం పోశాడు. శాకాహారమే గానీ రెండో అచ్చుకే అటుకుల్లా చిట్లిపోయింది. ఓ నాలుగు రోజులు ఆలోచించి, "ఇంటికెళ్ళి స్నానం చేస్తాను కదమ్మా, ఫరవాలేదు లెండి" అని జెలటిన్ ముట్టుకున్నాడు. అంత పెద్ద ఎముకల గండం గడిచింది. కానీ ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు, ఎంగిలి అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

మొదటి అచ్చు తీయగానే స్పాంజి అందుకుని పళ్ళెం తళతళలాడేలా కడిగేసేవాడు. ప్రతి కాగితానికీ కడిగిన పళ్ళెం, కొత్త రంగు, పురుగు కొరకని ఆకు.

అతని అచ్చుల్లో చుట్టూ రంగు చక్కగా, నిండుగా వచ్చేది. మధ్యలో ఆకు ఉండాల్సిన చోట ఆకు ఆకారంలో తెల్లటి ఖాళీ మిగిలేది. ఈనెలు రావడానికి అతను చేయని ప్రయత్నం లేదు. గట్టిగా రాశాడు, రంగు పెంచాడు, ముదురాకులు తెచ్చాడు, కాగితం మార్చాడు. ఖాళీ మరింత తెల్లగా వచ్చింది.

"పోనీ దాని పేరు మార్చండమ్మా" అని ఓసారి అడిగాడు కూడా. "నీడ అచ్చు అందాం. వినడానికి బాగుంటుంది."

"పేరు మారిస్తే రుచి మారుతుందా?" అన్నారావిడ, రోలరు కడుక్కుంటూ.

విచిత్రమేమిటంటే ఆవిడ రోజూ అతన్ని పలకరించేదే ఆ మాటతో. అతను గేటు తీసుకుని వస్తుండగానే వంటింట్లోంచి కేకేసేవారు. "నాయనా, ఎంగిలి పడ్డావా?"

ఏమైనా తిన్నావా అని ఆవిడ అడిగే తీరు అది. అచ్చు తీయకుండా నోట్లో ఏమీ వేసుకోకూడదని నియమం పెట్టుకున్నాడు గనక, "ఇంకా లేదమ్మా" అనేవాడు. ఆవిడ "ఊఁ" అని ఊరుకునేవారు.

అతనితో పాటు నేర్చుకునే పిల్ల రజియా. చిన్నబజారులో జాకెట్లు కుడుతుంది. కొట్టు తెరిచేలోగా వచ్చి చకచకా నాలుగు అచ్చులు తీసి పోతుంది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. "నరహరన్నా, నువ్వు అచ్చులు తీస్తన్నావా, అంట్లు తోముతన్నావా?" అని నవ్వేది.

చైత్రమాసం చివర్లో వచ్చింది అసలు తంటా. వైశాఖంలో ముహూర్తాలు మొదలైతే వంటలకి ఊపిరాడదు. ఆలోగా ఒక్క అచ్చైనా దండెం మీద నిలిస్తే ఎలాగో వీలు చేసుకుని వస్తూ ఉండాలనీ, లేదంటే ఇది మన చేతికి రాసిపెట్టి లేదనుకుని గరిటె పట్టుకోవాలనీ నరహరి తనలో తను తీర్మానించుకున్నాడు. ఆ గురువారం మంచి ఆముదపాకు దొరికింది. చెయ్యంత ఆకు, ఒక్క మచ్చ లేదు. పళ్ళెం మీద ముదురు ఆకుపచ్చ పరిచి, ఆకు పెట్టి, కాగితం వేసి, ఊపిరి బిగబట్టి రాశాడు. లేపి చూస్తే ఆముదపాకు ఆకారంలో ఖాళీ.

నిట్టూర్చి ఆకు తీసి పక్కన పెట్టి స్పాంజి అందుకున్నాడు.

"ఆగన్నా, ఆగాగు!" రజియా పరిగెత్తుకొచ్చింది. "కడిగీకు. ఆ ఎంగిలి నాకిచ్చీ."

"ఎందుకూ?"

"ఎలాగూ పారేస్తావు కదా!"

అతను అవునో కాదో చెప్పేలోపే ఆ పిల్ల పళ్ళెం మీద కాగితం పెట్టి రాసేసింది. లేపి, తను కూడా చూడకుండా దండేనికి తగిలించి, "కొట్టుకి టైమైపోనాది" అంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం. బంగారమ్మ గారు దండెం వెంట నడిచారు. నరహరి ఖాళీ ఆకు దగ్గర ఆగి, క్లిప్పు తీసి, దాన్ని దించారు. పక్కనున్న రజియా కాగితం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగారు. ఆముదపాకు నడిఈనె నుంచి చివరి పోగు దాకా అందులో ఉంది. ఎవరో ఇప్పుడే అరచెయ్యి చాచినట్టుంది. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా ముందుకి సాగారు.

నరహరికి ముఖం వేడెక్కింది. రజియా వెళ్ళేదాకా ఆగి, ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఆకు నాది. రంగు నేను పరిచింది. పళ్ళెం నేను కడుక్కున్నది. నా అచ్చు దిగిపోయింది. నా ఎంగిలి మాత్రం దండెం మీద ఉంది. ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం నాకు తెలీదు నాయనా" అన్నారావిడ. "నాకు అచ్చులే తెలుసు."

"అయితే నాకు అదీ రాదని తేలిపోయింది. సోమవారం నుంచి రాలేనమ్మా. ముహూర్తాలు మొదలవుతున్నాయి."

ఆవిడ బతిమాలలేదు, కోప్పడలేదు.

"సరే. రేపు పొద్దున్న భోజనానికి రా. ఏడాది వచ్చినవాడివి ఉత్తి కడుపుతో వెళ్తే నాకు బాగుండదు."

ఇంటికి నడుస్తుంటే నరహరికి నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. అచ్చు సరిగ్గా రాకపోయినా, తెల్లారగట్ల ఆ చల్లటి పళ్ళెం మీద రోలరు దొర్లే చప్పుడంటే అతనికి ప్రాణం. సోమవారం నుంచి ఆ వేళకి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాడు. ఉల్లిపాయల దగ్గర ఏడిస్తే ఎవరూ అడగరు, అదొక్కటే సుఖం.

శనివారం పొద్దున్న గేటు తీసేసరికి వంటింట్లోంచి కమ్మటి వాసన కొట్టింది. వంటవాడికి ఇంకొకరు వండిపెడితే అంతకంటే వైభోగం లేదు. ఎవరింట్లో తినాలన్న పట్టింపు అతనికి ఏనాడూ లేదు, ఒకరు తిన్నది మరొకదానికి తగలకూడదన్నదే అతని బాధంతా. పైగా రాత్రి దిగులుతో అన్నం సహించక ఆకలి కరకరలాడుతోంది. వసారాలో పీట వేసి, అరిటాకు పరిచి, వేడన్నం, కందిపచ్చడి, చేరెడు నెయ్యి వడ్డించారు బంగారమ్మ గారు. పక్కన వంకాయ కూర.

నరహరి కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కంది కమ్మగా వేగింది. కళ్ళు తెరిచేసరికి ముందు ఆకు లేదు.

బంగారమ్మ గారు దాన్ని తీసి గోడవార పెట్టి, నేల తడిబట్టతో తుడిచి, కొత్త ఆకు వేస్తున్నారు. వెంట్రుకో చీమో పడి ఉంటుందనుకున్నాడు. ఆవిడ మళ్ళీ అన్నీ వడ్డించారు. మళ్ళీ కలిపాడు, ముద్ద తిన్నాడు. మళ్ళీ ఆకు లాగేశారు.

"ఏమైందమ్మా? ఉప్పు గానీ..."

"ఉప్పు సరిపోయింది. తిను."

ఇంకో ఆకు పడింది. అన్నం, పచ్చడి, నెయ్యి, కూర. ఈసారి ముద్ద పెద్దది చేసి తొందరగా మింగాడు. అయినా ఆవిడ చెయ్యి ఆకు అంచు మీదికి వచ్చేసింది. నరహరి రెండు చేతులా ఆకుని పట్టుకున్నాడు.

"అమ్మా! తిననివ్వండమ్మా!"

"తిన్నావు కద నాయనా."

"ఒక్క ముద్ద తిన్నాను! అసలంతా ఆకులోనే ఉంటే!"

"ఆకు ఎంగిలైంది మరి" అన్నారావిడ నెమ్మదిగా. "శుభ్రంగా తుడిచి కొత్తది వెయ్యొద్దూ?"

నరహరి ఆకు వదల్లేదు. నెయ్యి వేళ్ళ మీదుగా మణికట్టు దాకా కారుతోంది. గోడవార రెండు ఆకుల్లో అన్నం కుప్పగా ఆవిర్లు కక్కుతోంది. ఆ ఆకుల వెనక, బల్ల మీద, అతని స్పాంజి కడిగి ఆరబెట్టి ఉంది.



నరహరి తల దించుకునే, "అమ్మా, ఆ రెండాకులు కూడా ఇలా పెట్టండి" అన్నాడు.

ఆవిడ తెచ్చి అతని ముందు పెట్టారు. అతను మూడు ఆకుల్లోదీ మెతుకు మిగల్చకుండా తిన్నాడు. వేళ్ళు నాకాడు. ఆవిడ పోసిన మజ్జిగ గడగడా తాగి, చెయ్యి కడుక్కుని, వెళ్ళొస్తానని చెప్పకుండా తిన్నగా పెరట్లోకి పోయాడు.

కంచె దగ్గర ఆముదపు మొక్క ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి మచ్చలేని ఆకు మీదికి పోయింది. ఆగి, కింద కొమ్మకి పురుగు చిల్లు పెట్టిన ఆకు కనబడితే దాన్ని తుంచాడు. వసారాలోకి వచ్చి పళ్ళెం మీద తడిగుడ్డ తీశాడు. రజియా నిన్నటి నీలం ఒక మూల సన్నగా మిగిలి ఉంది. అదీ కడగలేదు. గోధుమరంగు పరిచాడు, ఆకు పెట్టాడు, కాగితం వేసి రాసి లేపాడు. ఎప్పటి ఖాళీయే. దాన్ని పక్కన పెట్టి, ఆకు తొడిమ పట్టుకుని మెల్లిగా ఎత్తాడు.

చెయ్యి దానంతటదే స్పాంజి వైపు పోయింది. సగం దారిలో ఆపి, దాన్ని తిరిగి తెచ్చుకుని, పంచెకి తుడుచుకున్నాడు.

రెండో కాగితం పరిచాడు. ఈసారి ఊపిరి బిగబట్టలేదు. బొబ్బట్టు తట్టినట్టు అరచేత్తో తేలిగ్గా, ఓపిగ్గా, మధ్య నుంచి అంచులకి తట్టుకుంటూ పోయాడు. ఒక కొస పట్టుకుని లేపాడు.

ఆకు అంతా ఉంది. నడిఈనె, దాని మీంచి చీలిన పాయలు, వాటి మధ్య సాలెపోగుల్లాంటి చిన్న ఈనెలు, పురుగు కొరికిన చిల్లు, చిల్లు చుట్టూ గట్టిపడిన అంచు కూడా. ఒక మూల రజియా నీలం, తెల్లవారే వేళ సముద్రంలా, ఉందా లేదా అన్నట్టు. ఏడాదిగా ఇదంతా అతను బకెట్లో పిండేస్తూ వచ్చాడు. నరహరికి నవ్వూ దుఃఖమూ కలిసి వచ్చాయి. ముందు నవ్వే బయటపడింది.

రెండు కాగితాలూ పక్కపక్కనే దండేనికి తగిలించి, వంటకి ఆలస్యమైపోతోందని పరుగెత్తాడు.

సోమవారం రానన్నవాడు సోమవారం అందరికంటే ముందొచ్చాడు. రజియా అతని పళ్ళేన్నీ, మూల పడి ఉన్న పొడి స్పాంజినీ చూసి, ఏదో అనబోయి ఎందుకో ఊరుకుంది. ఆ పిల్ల ఊరుకోవడం అదే మొదలు. ముహూర్తాలు మొదలయ్యాయి. అన్నగారు సణిగారు. నరహరి మాత్రం పొయ్యి రాజేసే ముందు ఓ గంట పళ్ళెం ముందు కూర్చునే వెళ్ళాడు. కొన్ని అచ్చులు బాగా వచ్చాయి, కొన్ని బురదలా వచ్చాయి. రెంటికీ హాయిగానే ఉన్నాడు.

శుక్రవారం వచ్చింది. బంగారమ్మ గారు దండెం వెంట బయల్దేరారు. రజియావి రెండు దించారు. తనది తనే ఒకటి దించుకున్నారు. శనివారం నాటి నరహరి ఖాళీ ఆకు దించారు. దాని పక్కనున్న కాగితం దగ్గర ఆగారు.

రజియా నరహరి మోచెయ్యి పట్టుకుంది. "అన్నా, చూడు చూడు" అంది గుసగుసగా.

నరహరి చూడలేదు. అతని పళ్ళెం మీద ఇప్పుడే ఆకు తీసిన రంగు పచ్చిగా ఉంది. ఆరిపోయేలోగా కాగితం వెయ్యాలి. రెండు చేతులా కాగితాన్ని జాగ్రత్తగా దింపుతున్నాడు.

ఆవిడ పైకెత్తిన చేత్తో, గాలికి జారిన క్లిప్పుని సరిచేసి గట్టిగా నొక్కారు. ముందుకి నడిచి, వంటింటి గుమ్మంలోకి వెళ్ళాక, ఎప్పటిలాగే కేకేశారు.

"నాయనా, ఎంగిలి పడ్డావా?"

నరహరి కాగితం మీద అరచెయ్యి ఆనించి, తలెత్తకుండా చెప్పాడు.

"పడ్డానమ్మా."